పార్లమెంటు ఓటు గెలిచే ఇద్దరిలో ఒకరికా, మనసుకు నచ్చిన చిన్న పార్టీకా?

సాగరతీరం
మా ఇంట్లో 2019 నుంచి తెగని తగవు ఒకటి ఉంది. దాన్ని మీ ముందు పెడుతున్నాను. నేను విశాఖపట్నం లోక్‌సభ ఓటరును. ఆ ఏడాది అసెంబ్లీ యంత్రం మీద ఒక పెద్ద పార్టీకి, పార్లమెంటు యంత్రం మీద జనసేన తరఫున నిలబడిన లక్ష్మీనారాయణ గారికి ఓటు వేశాను. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి తెలుగుదేశం అభ్యర్థి మీద 4,414 ఓట్లతో గెలిచారు. మూడో స్థానంలో నిలిచిన నా అభ్యర్థికి 2,88,874 ఓట్లు వచ్చాయి. ఆ సాయంత్రమే మా బావగారు ఫోన్ చేసి, "నీలాంటివాళ్లే సీటు పోగొట్టారు" అన్నారు. పండక్కి కలిసినా, పెళ్లిలో కలిసినా ఆ మాట ఇప్పటికీ వస్తూనే ఉంది.

2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి కట్టడంతో మాకు ఆ ఇబ్బంది తప్పింది. 2019లో ఓడిన తెలుగుదేశం అభ్యర్థి శ్రీభరత్ గారే 5,04,247 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఇప్పుడు మళ్లీ ప్రశ్న మొదలైంది. ఉక్కు కర్మాగారంలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం 2021 జనవరిలో నిర్ణయం తీసుకున్నప్పటి నుంచి కార్మికుల నిరసన శిబిరానికి వస్తున్న చిన్న పార్టీ మనిషి ఒకాయన ఉన్నారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాక శిబిరానికి వచ్చేవాళ్లు తగ్గారు గానీ ఆయన రావడం మానలేదు. 2029లో లోక్‌సభకు నిలబడతానంటున్నారు. ఆయన గెలవరని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఏ పార్టీ మంచిదని నేను అడగడం లేదు. గెలవని మనిషికి ఓటు వేయడం బాధ్యత ఉన్న పనేనా అన్నదే నా ప్రశ్న.

గెలుపు_ముఖ్యం
మీ బావగారి మాటలో న్యాయం ఉంది. లోక్‌సభ ఓటుతో మనం చేసే పని ఢిల్లీలో ప్రభుత్వాన్ని నిలబెట్టడం, లేదా దించడం. దాదాపు మూడు లక్షల మంది ఒకవైపు నిలబడి, మిగిలిన ఇద్దరి మధ్య నాలుగు వేల తేడా ఉన్నప్పుడు, ఆ మూడు లక్షల మంది తమకు బొత్తిగా ఇష్టం లేని అభ్యర్థిని ఆపగలిగి కూడా ఆపలేదని అర్థం. ఇష్టమైనవాళ్లను ఎన్నుకోవడం ఎంత హక్కో, ఇష్టం లేనివాళ్లను ఆపడం కూడా అంతే హక్కు.

లెక్కల_మాస్టారు
పై వాదనలో ఒక లెక్క దాగి ఉంది, దాన్ని ఎవరూ పరీక్షించడం లేదు. మూడో అభ్యర్థికి పడిన ఓట్లన్నీ, ఆయన లేకపోతే, రెండో అభ్యర్థికే పడేవని మనం ముందే అనుకుంటున్నాం. ఎందుకు పడాలి? అందులో కొన్ని మొదటి అభ్యర్థికి పడేవి, కొందరు అసలు బూత్‌కే వచ్చేవారు కాదు.

విశాఖ సంగతే చూడండి. ఆ లోక్‌సభ పరిధిలో ఏడు అసెంబ్లీ స్థానాలు ఉన్నాయి. 2019లో రాష్ట్రమంతా 175కు 151 స్థానాలు వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచినా, విశాఖ తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ స్థానాలు నాలుగూ తెలుగుదేశమే గెలిచింది. ఏడింట నాలుగు గెలిచిన పార్టీ లోక్‌సభ స్థానం ఓడిందంటే, సాగరతీరం గారిలా రెండు యంత్రాల మీద రెండు గుర్తులు నొక్కినవాళ్లు చాలామంది ఉన్నారన్నమాట. వాళ్లు తెలియక వేసినవాళ్లు కారు. అసెంబ్లీకి పార్టీని, పార్లమెంటుకు మనిషిని చూసి వేశారు. అదే ఎన్నికలో బీజేపీ అభ్యర్థికి పడిన ముప్పై వేల పైచిలుకు ఓట్లు కూడా ఆ 4,414 కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్ల బావగార్లు వాళ్లకు ఫోన్ చేశారో లేదో నాకు తెలియదు.

ఇంకొకటి. అదే ఏడాది గుంటూరులో తెలుగుదేశం 4,205 ఓట్లతో, శ్రీకాకుళంలో 6,653 ఓట్లతో గెలిచింది. గుంటూరులో జనసేన అభ్యర్థికి లక్షకు పైగా ఓట్లు వచ్చాయి. ఆ లక్ష మంది వల్ల తెలుగుదేశం గెలిచిందని ఎవరైనా అన్నారా? ఓడినచోట నింద మాత్రం మూడో మనిషికి చెబుతాం, గెలిచినచోట మూడో మనిషి ఉన్నాడన్న సంగతే మరచిపోతాం.

గెలుపు_ముఖ్యం
లెక్కల మాస్టారు గారూ, అందరూ రెండో అభ్యర్థికే వేసేవారని నేను అనలేదు. 2,88,874 మందిలో నికరంగా నూటికి ఇద్దరు అటు మొగ్గినా ఫలితం మారేది. ఆ నూటికి ఇద్దరిలో సాగరతీరం గారు ఉన్నారా లేదా అన్నది ఆయన మనసుకు తెలుసు.

సాగరతీరం
ఉన్నాను. అందుకే ఆ మాట నాకు గుచ్చుకుంటుంది.

కూకట్‌పల్లి_పాత_ఓటరు
నాది మరో అనుభవం. 2009లో మా కూకట్‌పల్లిలో లోక్‌సత్తా తరఫున జయప్రకాశ్ నారాయణ్ గారికి వేశాను. మా వీధిలో పదిమందిలో ఎనిమిది మంది "మంచివాడే గానీ గెలవడు, ఓటు వృథా" అన్నారు. ఆ ఎనిమిది మందిలో ఐదుగురు చివరికి ఆయనకే వేశారని ఆ తరవాత తెలిసింది. ఆయన గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చిన స్థానం అదొక్కటే. "గెలవడు" అన్న మాట ఎక్కువమంది నమ్మడం వల్ల నిజమవుతుంది, తక్కువమంది నమ్మితే అబద్ధమవుతుంది. ఆ పని నా కళ్ల ముందే జరిగింది.

2014లో ఆయన మల్కాజిగిరి లోక్‌సభకు నిలబడ్డారు. అప్పుడూ వేశాను. లక్షన్నరకు పైగా ఓట్లు వచ్చాయి గానీ గెలుపు దరిదాపుల్లోకి రాలేదు. ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఇంటింటికీ తిరిగి నమ్మించగలిగిన మాటను ముప్పై లక్షలమంది ఓటర్ల నియోజకవర్గంలో నమ్మించడం చిన్న పార్టీకి ఎంత కష్టమో ఆ రోజు అర్థమైంది. అయినా నా ఓటు వృథా అయిందని నాకు అనిపించలేదు. అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తుల వివరాలు ఓటరుకు తెలియాలని పట్టుబట్టినవాళ్లలో లోక్‌సత్తా కూడా ఉంది. ఈరోజు ఆ అఫిడవిట్లను పెద్ద పార్టీల కార్యకర్తలు కూడా ఒకరి మీద ఒకరు ఉపయోగించుకుంటున్నారు.

ఏలూరు_కాలువ
నా బాధ వేరు. నేను ఒకసారి కొత్త పార్టీకి వేశాను, ఏ పార్టీయో చెప్పను. ఏ పెద్ద పార్టీ వద్దనుకుని వేశానో, నేను వేసిన నాయకుడు కొన్నాళ్లకు ఆ పార్టీలోకే వెళ్లిపోయాడు. నా ఓటును నేనే వద్దన్న గుమ్మానికి మోసుకెళ్లి అప్పగించినట్లయింది. చిన్న పార్టీలకు వేయమని చెప్పేవాళ్లు ఈ ప్రమాదాన్ని కూడా చెప్పాలి.

లెక్కల_మాస్టారు
ఏలూరు కాలువ గారి మాట కాదనలేను. మన రాష్ట్రంలో దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ప్రజారాజ్యం. 2009లో దాదాపు 16 శాతం ఓట్లు వచ్చాయి. అసెంబ్లీలో 294కు 18 స్థానాలు దక్కాయి, లోక్‌సభలో 42 స్థానాల్లో ఒక్కటీ రాలేదు. 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో విలీనమైంది. ఫిరాయింపుల చట్టం ఒక్కొక్కరుగా పార్టీ మారడాన్ని అడ్డుకుంటుంది గానీ, మూడింట రెండు వంతుల మంది సభ్యులు ఒప్పుకుంటే విలీనానికి దారి వదులుతుంది. ఇద్దరు ముగ్గురు సభ్యులున్న పార్టీకి మూడింట రెండు వంతులు కూడగట్టడం ఎంత పని? కనుక చిన్న పార్టీ ఓటరుకు ఈ విషయంలో రక్షణ తక్కువ.

అయితే ఆ 16 శాతం మంది బుద్ధి తక్కువై వేశారని నేను అనను. ఓట్లు రాష్ట్రమంతా పలచగా పరుచుకుంటే మన పద్ధతిలో స్థానాలు రావు. 2014లో బీఎస్పీకి దేశవ్యాప్తంగా నాలుగు శాతానికి పైగా ఓట్లు వచ్చి ఒక్క లోక్‌సభ స్థానమూ రాలేదు. అదే ఎన్నికలో 31 శాతం ఓట్లతో బీజేపీకి 282 స్థానాలు వచ్చాయి. ప్రతి నియోజకవర్గంలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలిచే పద్ధతిలో ఇది ఎవరి తప్పూ కాదు, పద్ధతి స్వభావమే అంత.

కరీంనగర్_మట్టి
చిన్న పార్టీ అంటే ఓడిపోయే పార్టీ అని అందరూ ఒప్పేసుకున్నట్లు రాస్తున్నారు. టీఆర్‌ఎస్‌కు 2004లో ఐదుగురు ఎంపీలు. 2009లో ఇద్దరే. ఐదు వందల నలభై మూడు మంది ఉన్న సభలో ఇద్దరు! 2014లో రాష్ట్రం వచ్చింది. 2006లో కరీంనగర్ ఉపఎన్నికలో మా ఇంట్లో ఓట్లన్నీ కేసీఆర్ గారికి పడ్డాయి. అప్పుడు ఢిల్లీలో ప్రభుత్వాన్ని నిలబెట్టడానికో దించడానికో మేము వేయలేదు. మా మాట ఒకటుందని ఢిల్లీకి వినిపించడానికి వేశాం. రెండు లక్షలకు పైగా మెజారిటీ ఇచ్చాం. ఆ మాట వినిపించింది.

గెలుపు_ముఖ్యం
వినిపించింది, నిజమే. కానీ ఆ పార్టీ 2004లో కాంగ్రెస్‌తో, 2009లో తెలుగుదేశంతో పొత్తు పెట్టుకునే పోటీ చేసింది. ఇంకా వెనక్కు వెళితే, 1984లో దేశం మొత్తం మీద బీజేపీకి వచ్చిన రెండు స్థానాల్లో ఒకటి మన హనుమకొండ. అక్కడ పి.వి. నరసింహారావు గారినే జంగారెడ్డి గారు ఓడించారు. అక్కడ తెలుగుదేశం పోటీలో లేదు. జనసేన 2019లో విడిగా పోటీ చేసినప్పుడు గెలిచింది రాజోలు ఒక్కటే, 2024లో కూటమిలో 21 అసెంబ్లీ స్థానాలకు 21, రెండు లోక్‌సభ స్థానాలకు రెండూ గెలిచింది. నా మాట ఇదే. ఓట్లు చీలకుండా చూసుకునే వ్యూహం చిన్న పార్టీయే చేయాలి. పార్టీ ఆ పని చేయకుండా, ఫలితం భారమంతా ఓటరు మనస్సాక్షి మీద పెట్టడం అన్యాయం.

సాగరతీరం
ఈ మాట నన్ను ఆలోచనలో పడేసింది. కానీ 2024లో ఆ 21 స్థానాలు పొత్తులో ఎలా దక్కాయి? 2019లో నాలాంటివాళ్లు విడిగా వేసిన ఓట్లు లెక్కలో కనపడ్డాయి కాబట్టే కదా? మేమందరం అప్పుడు గెలిచే ఇద్దరిలో ఒకరికి వేసి ఉంటే, ఆ పార్టీకి బేరమాడే బలం ఎక్కడిది?

లెక్కల_మాస్టారు
అవును, ఓడిన ఓటు వచ్చే ఎన్నికలో పొత్తు దగ్గర పనికొస్తుంది. గుర్తింపు విషయంలోనూ పనికొస్తుంది. రాష్ట్ర పార్టీగా గుర్తింపు రావాలంటే ఉన్న దారుల్లో ఒకటి, అసెంబ్లీ ఎన్నికలో ఆరు శాతం ఓట్లతో పాటు ఇద్దరు ఎమ్మెల్యేలు గెలవడం. లోక్‌సభ ఎన్నికలో అయితే రాష్ట్రంలో ఆరు శాతం ఓట్లు, ఒక ఎంపీ. స్థానాలు రాకపోయినా ఎనిమిది శాతం ఓట్లు వస్తే చాలన్న దారి కూడా ఉంది. 2019లో జనసేనకు ఆరు శాతానికి కాస్త తక్కువ ఓట్లు, ఒకే ఒక్క ఎమ్మెల్యే. గుర్తింపు రాలేదు. దాని పర్యవసానం 2024లో చూశాం. గాజు గ్లాసు ఆ పార్టీకి శాశ్వతంగా కేటాయించిన గుర్తు కాకపోవడంతో, జనసేన పోటీ చేయని కొన్నిచోట్ల ఆ గుర్తు స్వతంత్రులకు వెళ్లింది. కూటమికి అదో తలనొప్పి అయింది. 2025 జనవరిలో గుర్తింపు వచ్చాక గాని గ్లాసు వాళ్లది కాలేదు.

ఒక్క నియోజకవర్గంలో గెలుపు ఓటములకు అవతల ఒక ఓటు చేసే పని ఇంత ఉంది.

పసుపు_కొమ్ము
నిజామాబాద్ మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. 2019లో మా లోక్‌సభ స్థానంలో 185 మంది అభ్యర్థులు, అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. మా ఊరి నుంచి కూడా నామినేషన్ వేశారు. డిపాజిట్ 25,000 రూపాయలు. ఊళ్లో తలా కొంత వేసుకుని కూడబెట్టారు. మా నాన్న ఇచ్చిన డబ్బు తిరిగి రాదని ఆయనకు ఇస్తున్నప్పుడే తెలుసు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పెట్టవలసి వచ్చింది. పోలింగ్ రోజున అమ్మ లోపలికి వెళ్లి తన మనిషి పేరు వెతుక్కోవడానికే చాలాసేపు పట్టిందని చెప్పింది.

గెలవడానికి వేసిన ఓట్లు కావు అవి. మద్దతు ధర, పసుపు బోర్డు అన్న రెండు మాటలు దేశం చెవిన పడాలని వేశారు. పడ్డాయి. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. అది రైతుల నామినేషన్ల వల్లనే వచ్చిందని నేను ప్రమాణం చేయను. కానీ ఆ 185 పేర్ల తరవాత మా జిల్లాలో ఏ పెద్ద పార్టీ అభ్యర్థీ పసుపు మాట ఎత్తకుండా ఓట్లు అడగలేకపోయాడు.

ఫ్లోరైడ్_ఊరు
పసుపు కొమ్ము గారి మాట చదివితే మా నల్లగొండ గుర్తొచ్చింది. 1996 లోక్‌సభ ఎన్నికలో ఫ్లోరైడ్ నీళ్ల గోడు చెప్పుకోవడానికి జనం నామినేషన్లు వేశారు. మొత్తం 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వేయవలసి వచ్చింది. చివరికి సీపీఐ నాయకులు ధర్మభిక్షం గారు గెలిచారు. మా పెదనాన్న నడుం వంగి, కర్ర పట్టుకుని వచ్చి వేశారని ఇంట్లో చెప్పుకుంటారు.

కానీ దాని తరవాత ఏమైందో కూడా చెప్పాలి. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఇప్పుడది 25,000. మేము తట్టిన తలుపు మరికాస్త బిగుసుకుంది. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బు పోయినట్లే. పెద్ద పార్టీ అభ్యర్థికి అదొక పూట ఖర్చు. మా ఊరి మనిషికి ఏడాది జొన్నలు.

కొత్త_ఓటరు
నాకు ఇదే మొదటి ఓటు కాబోతోంది. ఎవరూ నచ్చకపోతే నోటా ఉంది కదా, చిన్న పార్టీ కంటే అది నయం కాదా?

అరకు_బడి
నేను అరకు లోక్‌సభ పరిధిలో పాఠాలు చెబుతాను. 2024లో మా దగ్గర నోటాకు యాభై వేల దాకా పడ్డాయి. అంతకుముందు ఎన్నికలోనూ అంతే స్థాయిలో పడ్డాయి. ఆ ఓట్లు ఎందుకు పడ్డాయని అడగడానికి ఇంతవరకు మా గూడేలకు ఎవరూ రాలేదు. ఇండోర్‌లో 2024లో రెండు లక్షలకు పైగా నోటా ఓట్లు పడ్డాయి, గెలిచిన అభ్యర్థి గెలిచారు. నోటా ఓటుకు నోరు లేదు. అది కోపమో, నిరాశో, గుర్తు పోల్చుకోలేక నొక్కిందో ఎవరూ చెప్పలేరు. అదే యాభై వేలు పోడు భూముల పట్టాల గురించి మాట్లాడే ఒక మనిషికి పడి ఉంటే, ఆ మనిషిని వెతుక్కుంటూ అన్ని పార్టీలూ వచ్చేవి. కొత్త ఓటరు గారూ, నోటా నొక్కేముందు జాబితాలో చివరి దాకా ఉన్న పేర్లన్నీ ఒకసారి చదవండి.

రెడింగ్_గడప
నేను ఇంగ్లండులో ఉంటున్నాను. కామన్వెల్త్ దేశాల పౌరులు ఇక్కడ నివాస అనుమతితో ఉంటే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు కనుక, భారత పాస్‌పోర్టుతోనే 2024 జులైలో వేశాను. పద్ధతి మనదే, మనం వీళ్ల దగ్గర తీసుకున్నదే. లేబర్ పార్టీకి దాదాపు 34 శాతం ఓట్లతో 411 స్థానాలు వచ్చాయి. రిఫార్మ్ పార్టీకి 14 శాతం ఓట్లతో ఐదు స్థానాలు. దానికంటే తక్కువగా 12 శాతం తెచ్చుకున్న లిబరల్ డెమొక్రాట్లకు 72. వాళ్లు గెలవగలిగిన చోట్లే బలగమంతా పెట్టారు, అక్కడ లేబర్ అభిమానులు కూడా చాలామంది వాళ్లకు వేశారు. ఇక్కడ ఇది దాచుకునే విషయం కాదు. మీ నియోజకవర్గంలో ఫలానా పార్టీని ఓడించాలంటే ఎవరికి వేయాలో చెప్పే వెబ్‌సైట్లే ఉన్నాయి. నేను అది చూసే వేశాను. కానీ బయటికి వచ్చాక, ఆ రోజు నా అభిప్రాయం ఎక్కడా నమోదు కాలేదన్న వెలితి మాత్రం మిగిలింది.

మెల్‌బోర్న్_తెలుగు
ఆ వెలితి మాకు ఉండదు. ఆస్ట్రేలియాలో దిగువ సభకు ఓటు వేసేటప్పుడు అభ్యర్థులందరికీ ఒకటి, రెండు, మూడు అని వరుసగా అంకెలు వేయాలి. చిన్న పార్టీకి ఒకటి వేసి, గెలవగలిగిన పార్టీకి రెండు వేస్తే, మొదటివారు పోటీ నుంచి తప్పుకోగానే నా ఓటు రెండోవారికి చేరుతుంది. పైగా మొదటి ప్రాధాన్యతలో నాలుగు శాతం దాటిన అభ్యర్థికి ఒక్కో ఓటుకు ఇంత అని ప్రభుత్వ నిధి వస్తుంది. సాగరతీరం గారూ, మీ ఇంటి తగవుకు మూలం మీరూ కాదు, మీ బావగారూ కాదు, అంకెలు వేసే చోటు లేని ఆ యంత్రం.

ఖమ్మం_పట్టభద్రుడు
ఆస్ట్రేలియా దాకా ఎందుకు? మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక ఆ పద్ధతిలోనే జరుగుతుంది. 2021లో వరంగల్, ఖమ్మం, నల్లగొండ స్థానంలో 71 మంది పోటీ చేశారు. పరుపంత బ్యాలెట్ పత్రం. మొదటి ప్రాధాన్యతలో ఎవరికీ సగం రాలేదు. ఒక్కొక్కరినీ తొలగిస్తూ, వాళ్ల రెండో ప్రాధాన్యతలు పంచుతూ, నాలుగు రోజులు లెక్కించారు. నేను ఒకటి కోదండరాం గారికి, రెండు మరొకరికి వేశాను. ఆయన మూడో స్థానంలో నిలిచి తొలగిపోయాక నా ఓటు రెండో మనిషికి వెళ్లింది. నా ఓటు చివరి దాకా పని చేసింది, నేను ఎవరినీ పోగొట్టలేదు. మా నియోజకవర్గంలో ఎవరి ఇంట్లోనూ ఓట్లు చీల్చావన్న మాట నేను వినలేదు.

లెక్కల_మాస్టారు
అడిగిన ప్రశ్నకు కాస్త దూరం వెళుతున్నాం గానీ, ఒక మాట చెప్పి ఆగుతాను. వచ్చిన ఓట్ల నిష్పత్తిలో స్థానాలు ఇచ్చే దామాషా పద్ధతి కావాలని రాజ్యాంగ సభలోనే సవరణలు వచ్చాయి. దేశంలో అక్షరాస్యత తక్కువని, చట్టసభ ముక్కలైతే ప్రభుత్వాలు నిలవవని అంబేడ్కర్ గారు వాటిని అంగీకరించలేదు. 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో, లోక్‌సభ స్థానాలు పెంచి, ఆ పెంచినవాటిని పార్టీల జాబితాల నుంచి ఓట్ల దామాషాలో నింపాలని సూచించింది. అది అమలు కాలేదు. 2029లో సాగరతీరం గారి ముందు ఉండేది ఒక్క మీట నొక్కే యంత్రమే కనుక, ఆ యంత్రంతోనే ఆలోచించాలి.

గెలుపు_ముఖ్యం
అయితే నేను ఒక మెట్టు దిగుతాను. పోటీ హోరాహోరీగా ఉన్నచోట గెలిచే ఇద్దరిలో ఒకరికి, ఏకపక్షంగా ఉన్నచోట నచ్చిన చిన్న పార్టీకి వేయవచ్చు. ఐదు లక్షల మెజారిటీ వచ్చేచోట ఒక లక్ష మంది పక్కకు వెళ్లినా ఏ నష్టమూ లేదు.

కూకట్‌పల్లి_పాత_ఓటరు
అది ముందుగా ఎలా తెలుస్తుంది? విశాఖలో ఆ పోటీ 4,414 దగ్గర ఆగుతుందని 2019లో ఎవరు చెప్పారు? మనకు వచ్చే సర్వేలు రాష్ట్రం మొత్తానివి, నియోజకవర్గానివి కావు. వాట్సాప్‌లో తిరిగే నియోజకవర్గం లెక్కలు ఎవరు రాస్తారో మనందరికీ తెలుసు. "ఫలానావాడు పోటీలోనే లేడు" అన్న మాటను పుట్టించేదే పోటీలో ఉన్న ఇద్దరు.

బూత్_ఏజెంట్
ఈ చర్చలో అందరూ ఓటు వేసే గది దాకా వచ్చి ఆగిపోతున్నారు. నేను ఒక చిన్న పార్టీకి మూడు ఎన్నికల్లో ఏజెంటుగా కూర్చున్నాను. తెల్లవారుజామున ఐదున్నరకల్లా బూత్‌లో ఉండాలి. పోలింగ్‌కు గంటన్నర ముందు నమూనా పోలింగ్ జరుగుతుంది, కనీసం యాభై ఓట్లు వేసి చూపిస్తారు. మన గుర్తుకు వేసినవి మన గుర్తుకే పడ్డాయో లేదో మన మనిషి కూర్చుని చూడాలి. సాయంత్రం పోలింగ్ ముగిశాక 17సి ఫారం మీద ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసి ఏజెంట్లకు నకలు ఇస్తారు. అక్కడ మనిషి లేకపోతే ఆ కాగితం మన చేతికి రాదు.

లోక్‌సభ స్థానమంటే వెయ్యిన్నరకు పైగా బూత్‌లు. చివరిసారి మా పార్టీకి నేను చూసిన అసెంబ్లీ పరిధిలో పాతిక బూత్‌లలో కూడా ఏజెంట్లు లేరు. నేను ఉన్న బూత్‌లో మాకు 61 ఓట్లు వచ్చాయి, పక్క గదిలో ఎవరూ లేని బూత్‌లో 9. రెండూ ఒకే వీధి ఓటర్లవే. ఉదయం క్యూలో నిలబడినవాళ్లు తలుపు దగ్గర మన మనిషిని చూస్తే, ఈ పార్టీ నిజంగా ఉందని నమ్ముతారు.

అందుకని నేను పెట్టుకున్న కొలబద్ద ఒకటి ఉంది. గెలుస్తాడా అని అడగను. ఎన్నికకు ఏడాది ముందు వెళ్లి, ఎన్ని బూత్‌లలో మనిషిని కూర్చోబెట్టగలవని అడుగుతాను. పేర్ల జాబితా చూపిస్తే నా ఓటు, నా రోజు కూడా ఇస్తాను. ప్రసంగం మొదలుపెడితే పెద్ద పార్టీల్లో ఎవరు మేలో ఆలోచించుకుంటాను.

ఏలూరు_కాలువ
ఏజెంటు గారి మాటకు ఒకటి చేరుస్తాను. గెలిచినా ఓడినా ఐదేళ్లు ఈ పార్టీలోనే ఉంటావా అని కూడా అడగండి. పదిమంది ముందు అడగండి.

కరీంనగర్_మట్టి
అడిగితే అందరూ ఉంటాననే అంటారు. ఓడిన మర్నాడు ఎక్కడ ఉన్నాడో చూడాలి. సాగరతీరం గారు చెప్పిన మనిషి ప్యాకేజీ ప్రకటించాక కూడా శిబిరానికి వస్తున్నారంటే, ఆ పరీక్ష సగం అయిపోయినట్లే.

సాగరతీరం
నిన్న సాయంత్రం శిబిరానికి వెళ్లాను. ఏజెంటు గారు చెప్పిన ప్రశ్న అడిగాను. ఆయన జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీశారు. గాజువాకలో 38 బూత్‌లకు పేర్లు రాసి ఉన్నాయి. మిగతా ఆరు నియోజకవర్గాలకు పేజీలు వదిలి ఉన్నాయి, పేర్లు లేవు. కూటమి కడతారా అని అడిగితే, కర్మాగారాన్ని ప్రభుత్వ రంగంలోనే ఉంచుతామని రాసిచ్చే పార్టీ ఏదైనా ఉంటే పోటీ నుంచే తప్పుకుంటానన్నారు. ఏలూరు కాలువ గారి ప్రశ్న అక్కడున్న కార్మికులు నాకంటే ముందే ఆయన్ను అడిగారట.

ఎవరికి వేస్తానో ఇంకా తేల్చుకోలేదు. ఆ నోట్‌బుక్‌లో మా బూత్ దగ్గర మాత్రం నా పేరు రాయించి వచ్చాను. రాత్రి బావగారికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "మన పక్క బూత్‌కు మనిషి ఉన్నాడా?" అని అడిగారు.

బూత్_ఏజెంట్
ఆ ఖాళీ పేజీల్లో భీమిలి వైపు బూత్‌లు ఉంటే చెప్పండి. మా మేనల్లుడు అక్కడ ఓటరు. ఏజెంటుగా కూర్చోవాలంటే మామూలుగా ఆ బూత్ ఓటరే అయి ఉండాలి, కనుక తన ఓటు ఏ బూత్‌లో ఉందో చూసుకోమని ఇప్పుడే చెబుతాను.